ఉతికినకొద్దీ నలుపు

"యాసిడ్ అంట. నా మనవడి ఒంట్లో యాసిడ్ దొరికిందంట."

అప్పలకొండమ్మ ఫోను చెవి నుంచి దించి, ఆ మాటను హాలు మధ్యలో ఇత్తడి పళ్ళెం జారవిడిచినట్టు పడేసింది. ఫోనులో స్పీకరు ఎక్కడుంటుందో ఆమెకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆమె గొంతుకు స్పీకరు పుట్టుకతోనే బిగించి వచ్చింది.

ఆ ఫోను ఆమెది కాదు, అల్లుడు అయ్యప్పది. అతను రాత్రి షిఫ్టు ముగించి, కంపెనీ బస్సు దిగి స్నానానికి వెళ్ళాడు. ఫోను మోగింది. అత్తగారు ఎత్తింది. అవతల విశాఖపట్నం నుంచి, పిల్లాడి పాసు పరీక్ష చేసిన డాక్టరమ్మ.

"ఇంకేటన్నాది?" తడి తలతోనే బయటికొచ్చాడు అయ్యప్ప.

"హోమం అన్నాది. తరవాత జంట అన్నాది. ఆ తరవాత సిక్కు అన్నాది. జంటకి సిక్కొచ్చింది, హోమం సేయించండి అన్నట్టుగా ఉన్నాది. ఆఖర్న మట్టుకు యాసిడ్ అని సక్కగా పలికింది."

డాక్టర్లు కూడా హోమాలు రాసిచ్చే రోజులొచ్చాయా అని ఇంకోరోజయితే ఆ ఇంట్లో నవ్వుకునేవారు. ఇవాళ నవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు.

అప్పలకొండమ్మ సరాసరి బాత్రూములోకి వెళ్ళి, మూలనున్న నీలం సీసాను మెడ పట్టుకుని లాక్కొచ్చింది. దొడ్లో బట్టల బకెట్టు ముందు కూర్చున్న తలుపులమ్మ ఎదుట దాన్ని దోషిలా నిలబెట్టింది.

"ఇదేటి ఒదినా?"

"యాసిడ్డు. బాత్రూం కడిగేది."

"నా మనవడు బాత్రూమా?"

తలుపులమ్మ సీసా వంక చూసింది. ఆడపడుచు వంక చూసింది. ఆడపడుచు అన్న మాటలోనే ఆడిపోసుకోవడం సగం ఉంది. మిగతా సగం అప్పలకొండమ్మ సొంతంగా కష్టపడి సంపాదించుకుంది.

"కొండమ్మా, నాను నీ అన్నకి పెళ్ళాన్నయ్యి ముప్పయ్యేళ్ళు దాటిపోనాది. ఇన్నేళ్ళలో ఒక్కరికంటే ఒక్కరికి నా సేత్తో పులిసిన మజ్జిగైనా పోసేనా?"

"పెద్దోళ్ళకి పొయ్యలేదు. పెద్దోళ్ళయితే నోరిప్పి సెప్పేత్తారు కదా."

ఈ తగువంతా గుడ్డల తగువు. అప్పలకొండమ్మ కూతురు శ్రీదేవి పురుడు పుట్టింట్లో, మునగపాకలో పోసుకుంది. అయిదో నెలలో బాబు తారక్‌ను ఎత్తుకుని అనకాపల్లిలో అత్తవారింట అడుగు పెట్టింది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ పిల్లాడి తడిలో ఏ వింతా లేదు. ఇక్కడికొచ్చిన మర్నాటి నుంచీ వాడి గుడ్డలు నల్లబడుతున్నాయి. మొదట టీ మరక అనుకున్నారు. తర్వాత డికాషన్ అన్నారు. ఇప్పుడు కాటుక. మామూలు మురికి ఉతికితే పోతుంది, ఇది ఉతికినకొద్దీ వస్తోంది.

గుడ్డలు ఉతికేది తలుపులమ్మ. నలుగు పెట్టి పిల్లాడికి నీళ్ళు పోసేది తలుపులమ్మ. కాబట్టి వాడికి ఏదో పసరు పట్టిస్తున్నదీ తలుపులమ్మే. మునగపాక నుంచి దిగిన అప్పలకొండమ్మ ఈ లెక్కను నిమిషంలో తేల్చేసింది. అప్పటినుంచీ పిల్లాణ్ణి నాయనమ్మ చేతికి ఇవ్వడం మానేశారు.

అయ్యప్ప డాక్టరమ్మకు తిరిగి ఫోను చేశాడు. దొడ్డి గుమ్మంలో నిలబడి చాలాసేపు ఊఁ కొట్టాడు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని అతనిది. యాసిడ్లంటే అతనికి భయం లేదు, అత్తగారంటేనే.

"అత్తా, ఆ సీసా లోపలెట్టు. ఇది ఆ యాసిడ్ కాదు. హోమోజెంటిసిక్ యాసిడ్ అంట. బయటి నుంచి పోసింది కాదు. ఒంట్లో పుట్టిందే."

"మనిషి ఒంట్లో యాసిడ్ పుడతాదా?"

"నిమ్మకాయలో పుట్టట్లేదేటి."

"మరయితే మునగపాకలో ఎందుకు పుట్టలేదు? ఆడు అక్కడ పాలు తాగలేదా, నీళ్ళు పోసుకోలేదా? ఈ ఇంటి గుమ్మం తొక్కేకే పుట్టిందంటే దానికేటర్థం? సదువుకున్నోడివి, నువ్వే సెప్పు."

యాసిడ్ ఏమిటో తేలింది గానీ ఈ ప్రశ్న తేలలేదు.

"సాయంత్రం డాక్టరమ్మే వత్తాదంట," అన్నాడు అయ్యప్ప. "అందరివీ శాంపిల్స్ కావాలంట, రీసెర్చికి. ఆవిడొచ్చి ఎళ్ళేక మేమూ ఎళ్ళిపోతాం. అచ్యుతాపురంలో ఇల్లు సూసేను. ఆటోకి సెప్పేను."

బకెట్టులో ఉన్న తలుపులమ్మ చేతులు కదలడం మానేశాయి.

"ఎన్నాళ్ళకి?"

"సూద్దాం."

"సూద్దాం అంటే రారని."

"శ్రీదేవికి బయంగా ఉన్నాదమ్మా, పిల్లాణ్ణి ఇక్కడుంచాలంటే."

"శ్రీదేవికా, నీకా?"

అయ్యప్ప తువ్వాలుతో తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తల అప్పటికే ఆరిపోయింది.

*

తలుపులమ్మకు ఆ నలుపు కొత్త కాదు.

పెళ్ళయిన కొత్తలో, మొగుడు త్రినాధరావు తెల్ల పంచెను సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టింది. తెల్లారి చూస్తే పంచె మీద నల్లటి మడుగు. త్రినాధరావుది చెరకు సేద్యం, సొంత బెల్లం పొయ్యి. మసి అయివుంటుందనుకుని మళ్ళీ సోడా వేసి ఉతికింది. మరక ఇంకా చిక్కబడింది. అప్పుడు చూసుకుంది, ఆ మరక పంచెలో ఏ భాగాన ఉందో.

అత్తగారిని అడిగింది. ముసలావిడ గుమ్మం వంక చూసి, "ఆడి బట్టలు సాకలికి ఎయ్యకు. నువ్వే ఉతుక్కో," అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పకుండానే ఆ మనిషి కాలం చేసింది.

చెప్పనివాళ్ళు చెప్పకపోతే చెప్పేవాళ్ళు దొరుకుతారు. వీధి చివర మంత్రసాని దేముడమ్మ ఉండేది. ఎవరిదో చెప్పకుండా, ఎవరో ఇలా అంటున్నారని అడిగింది తలుపులమ్మ. దేముడమ్మ మూతి మీద కొంగు వేసుకుని, "మగోడికి ఆ నీళ్ళు నల్లబడ్డాయంటే పెళ్ళికి ముందు సెడతిరిగేడన్నమాటే. అది ఆ రోగమే. పెళ్ళాం జాగర్త పడాల," అంది.

అప్పటికే కడుపులో అయ్యప్ప ఉన్నాడు. వాడు పుట్టాక ఆ ఇంట్లో మంచాలు రెండయ్యాయి, మంచీచెడ్డా ఒక్కటీ లేకుండా పోయింది. ఎందుకని అతను అడగలేదు. ఇందుకని ఆమె చెప్పలేదు. మొగుడితో నేరుగా మాట్లాడడం కూడా మెల్లగా మానేసింది. చెప్పవలసింది గోడకో గిన్నెకో చెబుతుంది. విని అతను పని చేసుకుపోతాడు. బట్టలు మాత్రం ఎవరి కంటా పడకుండా తనే ఉతికింది. ఊళ్ళో ఎందరినో మాటలతో ఉతికి ఆరేసిన మనిషి, ఈ ఒక్క ఉతుకుడు గురించి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. పేరుకు తలుపులమ్మ. ఆ తలుపుకు గొళ్ళెం మాత్రం లోపలివైపు.

మనవడి గుడ్డ మొదటిసారి నల్లబడ్డ రోజు ఆమెకు ఆ పంచె గుర్తొచ్చింది. తాత తిరుగుడు తగిలి తగిలి పసిగుడ్డు దాకా వచ్చిందన్నమాట.

చెబితే మొగుడి పరువు పోతుంది, కన్నకొడుకు తండ్రి మొహం చూడలేడు. చెప్పకపోతే ఒళ్ళోంచి మనవడి బరువు పోతుంది. పరువు, బరువు. ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం మీద నిలబడి ఆమె ఇన్నాళ్ళుగా ఊగుతోంది.

*

గదిలో శ్రీదేవి బట్టలు సర్దుతోంది. మంచం మీద తారక్ గాలిలోకి కాళ్ళు విసురుతున్నాడు. తలుపులమ్మ గడప ఇవతలే ఆగింది. ఆ గడప తన ఇంటిదే.

"అత్తా," అంది శ్రీదేవి, వెనక్కి తిరక్కుండా.

"ఊఁ."

"నువ్వేదైనా పట్టించేవా ఆడికి? వేపాకో, ఉమ్మెత్తో, ఏదో ఒకటి. సెప్పీ అత్తా. నాను తిట్టను. మా అమ్మకీ సెప్పను. డాక్టరమ్మకి సెప్తే ఇరుగుడు మందిత్తాది కదా."

"ఏటీ పట్టించలేదే."

"మరెందుకు నల్లబడతన్నాయి?"

తలుపులమ్మ నోటి దాకా వచ్చింది. తండ్రి స్థానంలో ఉన్న మేనమామ మీద ఈ పిల్లకు ఎంత భక్తో ఆమెకు తెలుసు. వచ్చిన మాటను వచ్చిన దారినే పంపేసింది.

"నాకేటి తెలుసు," అంది.

నాయనమ్మ గొంతు విని తారక్ అటు తిరిగి బోసినోరు తెరిచాడు. తలుపులమ్మ కాలు తనకు తెలియకుండానే గడప దాటింది. శ్రీదేవి చెయ్యి ఆమెకు తెలియకుండానే పిల్లాణ్ణి తన వైపు లాక్కుంది. కావాలని చేసింది కాదది. కావాలని చేసివుంటే ఇంత తగిలేది కాదు.

"సెలవలొత్తే నా పక్కలో పడుకునేదానివే నువ్వు," అంది తలుపులమ్మ. "మీ అమ్మొచ్చి పిలిసినా ఎళ్ళేదానివి కాదు. అప్పుడు నీకేం పసరు పట్టించేనే?"

"అప్పుడు నా బట్టలు నల్లబడలేదు కదత్తా."

శ్రీదేవి మళ్ళీ సర్దుకోవడంలో పడింది. తలుపులమ్మ వెనకడుగు వేసి, దొడ్లోకి వెళ్ళి, ఉతికిన గుడ్డల్నే మళ్ళీ ఉతకడానికి కూర్చుంది.

కాసేపటికి త్రినాధరావు వచ్చాడు. నడుం వంగదు, మెడ తిరగదు. ఎటు చూడాలన్నా మనిషి మొత్తం తిరగాలి. బెల్లం పొయ్యి సెగ ముప్పయ్యేళ్ళు తగిలితే నడుం ఇలాగే పట్టేస్తుందని ఊళ్ళో అందరి నమ్మకం. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏటే."

"కొందరికి వేరే పన్లేదు గావాల," అంది తలుపులమ్మ, బకెట్టుతో.

"ఆ గుంటడికి నువ్వేటీ సెయ్యలేదని నాకు తెలుసు. కొండమ్మకీ అదే సెప్పేను. అయ్యప్పకీ సెప్పేను. ఎవరూ ఇంటం నేదు."

ఆమె తల ఎత్తింది. బకెట్టును పక్కకు పెట్టి, ఎన్నో ఏళ్ళ తర్వాత అతన్నే అడిగింది.

"ఎలా తెలుసు?"

"నీ కోపం నాకు తెలుసు కదా. నీ కోపం పెద్దోళ్ళ మీద. సంటోళ్ళ మీద కాదు."

తలుపులమ్మ తల వంచి చేతిలో గుడ్డ పిండింది. ఇంటిల్లిపాదీ తన మీద వేలు పెట్టి చూపిస్తుంటే, ఒక్కడు నమ్మాడు. ఆ ఒక్కడు ఇతను. ఎవడి పాపం తను మోస్తున్నదో వాడొచ్చి, నీ మీద నమ్మకముందని చెబుతున్నాడు. ఓదార్పు కూడా ఒక్కోసారి ఉప్పులా ఉంటుంది, ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టి.

"ఎళ్ళండి," అంది. "ఎళ్ళి కూకోండి. డాక్టరమ్మొత్తాది."

*

డాక్టర్ పావని పొడుగ్గా, సన్నగా, పేరు చెబితే తప్ప డాక్టరని తెలియనట్టుగా ఉంది. వచ్చీ రాగానే కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది. పిల్లాణ్ణి చూసింది, ముద్దు చేసింది, చెవులు చూసింది.

"నల్లబడ్డ గుడ్డలు దేనితో ఉతుకుతారు?"

"అదుగో, ఆవిణ్ణడగండి," అంది అప్పలకొండమ్మ. "అన్నీ ఆవిడ సేతి మీదే."

"సోడాతో," అంది తలుపులమ్మ. "వేడినీళ్ళలో బట్టల సోడా ఏసి నానబెడతాను."

"మునగపాకలోనో?"

"మాకు ఉతుకుడేటి?" అంది అప్పలకొండమ్మ గర్వంగా. "డైపర్లు. తడవడం, పారెయ్యడం. మా ఇంట్లో గుడ్డలు వాడం."

పావని తల ఊపింది. రెండు గాజు గ్లాసులు, కొంచెం సోడా అడిగింది. పిల్లాడి పాసు పట్టడానికి తను తెచ్చిన చిన్న సంచీని శ్రీదేవికి ఇచ్చింది. వాడు కాసేపు అందరినీ కూర్చోబెట్టి, పెద్దమనిషిలా తీరిగ్గా దయచేశాడు. దాన్ని రెండు గ్లాసుల్లోనూ సమంగా పోసింది. రెండిట్లోనూ మామూలు రంగే. ఒక దాంట్లో చెంచాడు సోడా వేసి తిప్పి, రెండూ కిటికీ గట్టు మీద పెట్టింది.

అందరూ కిటికీ వంక చూస్తున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆ ఇంట్లో అంత శ్రద్ధగా ఎవరూ ఎవరినీ చూసివుండరు.

సోడా వేసిన గ్లాసులో ముందు చెరకురసం రంగు వచ్చింది. తర్వాత బెల్లం పాకం. తర్వాత మాడిన పాకం. పక్క గ్లాసు ఎలా ఉన్నది అలాగే ఉంది.

"పిల్లాడు ఒకడే. పాసు ఒకటే," అంది పావని. "సోడా తగిలింది, నల్లబడింది. తగల్లేదు, నల్లబడలేదు. మునగపాకలో కూడా ఈ యాసిడ్ ఉందమ్మా. మీరు తడవగానే పారేశారు, చూడలేదు. ఇక్కడ ఈవిడ ఉతికారు, కనపడింది. ఈవిడ ఏమీ పట్టించలేదు. ఈవిడ ఉతక్కపోతే మనకు ఇప్పటికీ తెలిసేది కాదు."

అప్పలకొండమ్మ తన చేతి గాజులు సరిచేసుకుంది. అవి సరిగ్గానే ఉన్నాయి.

"అసలు ఇదెందుకు పుడతన్నాది?" అడిగాడు అయ్యప్ప.

"పాలూ, పప్పూ, గుడ్డూ మన ఒంట్లోకి వెళ్ళాక ముక్కలు ముక్కలవుతాయి. మీ బెల్లం పొయ్యి దగ్గర ఒకరు రసం పోస్తే, ఒకరు తెట్టు తీస్తారు, ఒకరు పాకం తిప్పుతారు కదా. ఒంట్లోనూ అలాగే ఒక్కో పనికి ఒక్కో మనిషి. మీ బాబులో ఈ తెట్టు తీసే మనిషి లేడు. అది పేరుకుంటుంది. ఆ పేరుకున్నదే ఈ యాసిడ్."

"ప్రాణానికి..." అంది శ్రీదేవి.

"ఏమీ కాదు. ఇప్పుడు వాడికి ఏ బాధా లేదు. కానీ ముప్పై దాటాక అది కీళ్ళలో, వెన్నులో నల్లగా పేరుకుని పట్టేస్తుంది. మందు ఉంది. కొన్ని దేశాల్లో పెద్దవాళ్ళకు ఇస్తున్నారు. పిల్లలకు ఏ వయసులో మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు. మా రీసెర్చి దాని మీదే. అందుకే మీ అందరి శాంపిల్స్ అడిగాను. నూట ఇరవై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక డాక్టరు ఇలాంటి పిల్లల్నే చూసి, తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చి కలిస్తేనే పైకి తేలే జబ్బులు ఉంటాయని కనిపెట్టాడు. ఆ తల్లిదండ్రులు చాలామంది దగ్గర చుట్టాలే."

"సగం సగం ఏటి?" అంది అప్పలకొండమ్మ. "మా అమ్మాయికేటీ లేదు."

"ఒక్క సగమే ఉంటే ఏమీ కనపడదు. మీ అల్లుడిలో ఒక సగం, మీ అమ్మాయిలో ఒక సగం. మీ అమ్మాయిది బహుశా మీ నుంచే."

అప్పలకొండమ్మ గొంతులోని స్పీకరుకు కరెంటు పోయింది. అన్న కొడుక్కే పిల్లనివ్వాలని పట్టుబట్టి ఈ సంబంధం చేసింది ఆమే. మేనరికంలో మేనులే కాదు, మేనులో దాగినవీ కలుస్తాయని ఆమెకు ఏ పెళ్ళిపెద్దా చెప్పలేదు.

శ్రీదేవి లేచింది. పిల్లాణ్ణి రెండు చేతులతో ఎత్తి తలుపులమ్మ ముందుకు తెచ్చింది.

"అత్తా, తీసుకో."

క్షమించమని అనలేదు. అననక్కర్లేకుండానే వాడి బరువు తలుపులమ్మ ఒళ్ళోకి వచ్చి వాలింది. వాడు ఆమె పుస్తెలతాడు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. అయ్యప్ప ఫోను తీసి ఆటో వద్దని చెప్పడానికి గుమ్మంలోకి వెళ్ళాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది.

"మీరు కాస్త ఇలా వెలుగులోకి వస్తారా?" పావని త్రినాధరావును పిలిచింది. అతను మనిషి మొత్తంగా తిరిగి వచ్చాడు. ఆమె అతని చెవి తమ్మె పట్టుకుని చూసింది. లోపల నీలపు నీడ. కంటి తెలుపులో గోధుమరంగు మచ్చ.

"నడుం ఎప్పట్నుంచి?"

"శానా ఏళ్ళయిందమ్మా. బెల్లం పొయ్యి సెగ."

"సెగ కాదేమో. మీ మూత్రం నల్లబడడం ఎప్పుడైనా చూశారా?"

"నేదమ్మా. పొలంలో పోసింది మట్టికే తెలియాల."

"బట్టల మీద?"

"బట్టలు ఇది ఉతుకుతాది. నాకు తెల్దు."

లైను కలవక, ఫోను జేబులో పెట్టుకుంటూ అయ్యప్ప లోపలికొచ్చాడు. హాల్లో కళ్ళన్నీ తలుపులమ్మ మీదికి వచ్చాయి. ఆమె పిల్లాడి తల నిమురుతోంది.

"నల్లబడతాయి," అంది.

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళయినకాడ నుండి."

"అంతకు ముందు నుంచీ ఉండివుంటుంది. ఈయనకు ఇది పుట్టిన రోజు నుంచీ ఉన్నదే," అంది పావని. "మనవడికి ఉన్నట్టే."

"పుట్టినకాడ నుండా?"

"అవునమ్మా."

"తిరుగుళ్ళ వల్ల కాదా?"

మాట జారిపోయింది. ఇన్నేళ్ళు లోపలివైపు వేసుకున్న గొళ్ళెం, ఎవరూ తట్టకుండానే ఊడిపోయింది.

"ఏ తిరుగుళ్ళు?" అంది పావని, అర్థం కాక. అందరికంటే ముందు అర్థమైంది అప్పలకొండమ్మకు. ఆమె అన్న వంక చూడలేక గోడ వంక చూసింది.

"అమ్మా," అన్నాడు అయ్యప్ప. "నీకు ముందే తెలుసా? నాన్నకీ ఇలాగే ఉన్నాదని తెలిసి, ఇన్ని మాటలు పడి, ఎందుకూరుకున్నావు?"

ఇక దాచడానికి ఏమీ లేదు. తలుపులమ్మ అందరికీ చెప్పింది. పంచె మీద మరక, అత్తగారి మాట, దేముడమ్మ చెప్పిన రోగం, అన్నీ. పిల్లాడి నెత్తి మీద చూపు పెట్టి, అక్కడ రాసివున్నది చదువుతున్నట్టు చెప్పింది.

"మీ నాన్న సెడతిరిగి తెచ్చుకున్న రోగం అనుకున్నాను. అది నా మనవడికీ వచ్చేసిందనుకున్నాను. సెప్తే నువ్వు మీ నాన్న మొగం సూడవని ఊరుకున్నాను."

"ఈయన ఏ తప్పూ చేయలేదమ్మా," అంది పావని మెల్లగా. "ఈయన తల్లి కడుపులో ఉన్నప్పుడే ఇది ఉంది."

శ్రీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధిలో ఆటోవాడు, వద్దన్న కబురు అందక, హారను కొడుతున్నాడు. ఎవరూ వెళ్ళలేదు.

త్రినాధరావు బెల్లం కొట్టిన రాయిలా కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు.

"అందుకా."

అతను మనిషి మొత్తంగా తిరిగి గట్టు మీది నల్ల గ్లాసు వంక చూశాడు.

"పొయ్యి కాడ మనిషిని కదా, కమురు కంపు కొడతన్నాననుకున్నాను. ఆ కంపు పడక ఎడంగా పడుకుంటన్నాదనుకున్నాను." అతను ఎవరికీ ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు, తనకు తనే లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "ఇంటికొచ్చే ముందు కాలవలో ఒకపాలి తానం సేసేవోణ్ణి. ఇంటికొచ్చేక నూతి కాడ మళ్ళీ ఒకపాలి. గంధం సబ్బు కొనుక్కుని పాకలో దాసుకునేవోణ్ణి, కూలోళ్ళు నవ్వుతారని. వయసైపోనాక మానేసేను. ఇంక ఎందుకులే అని."

నవ్వాల్సిన మాటే. ఒక్కరూ నవ్వలేదు.

తలుపులమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. పిల్లాడు పుస్తెలతాడు లాగుతూనే ఉన్నాడు.

"అందరికీ అన్నీ తెలిసిపోనాయి," అన్నాడు త్రినాధరావు. "నాకు మట్టుకు ఒక్కటి తెలీలేదు. నాను అలాంటోణ్ణని అనుకున్నావు కదా. సాకలికి పడేత్తే ఊరే నా మొగాన ఉమ్మేసేది, నీ కోపమూ తీరిపోయేది. అలాంటోడి బట్టలు, ఇన్నేళ్ళు, ఎవరి కోసం ఉతికేవు?"

తలుపులమ్మ పిల్లాడి పిడికిలిలోంచి పుస్తెలతాడు మెల్లగా విడిపించుకుంది.

అయ్యప్ప కుర్చీ జరిపినా త్రినాధరావు కూర్చోలేదు. పట్టేసిన నడుంతోనే ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు, జవాబు వచ్చేదాకా కదిలేది లేదన్నట్టు.